ఎంగిలి ఎరువు

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో మా అత్తగారు నా చేతి వంట ఒక్క ముద్ద కూడా తినలేదు. ఆవిడ మీద నేరం మోపడానికి ఈ మాట చెప్పడం లేదు. ముందు ఈ సంగతి తెలియకపోతే తర్వాత చెప్పబోయేదంతా ఒట్టి చెత్త గొడవలా కనిపిస్తుంది. వాళ్ళది తరతరాలుగా పౌరోహిత్యం చేసిన కుటుంబం. మాది అమృతలూరు దగ్గర వరి, మినుము పండించుకునే వ్యవసాయ కుటుంబం. చదువుకునే రోజుల్లో మేమిద్దరం ఇష్టపడి, రెండు వైపులా నానా రభస చేసి పెళ్ళి చేసుకున్నాం. అయినా ఆవిడ నన్ను ఏనాడూ పరాయిదానిలా చూడలేదు. పండక్కి చీర పెట్టేవారు. నేను పురిట్లో ఉంటే వచ్చి పిల్లకి నలుగుపెట్టి నీళ్ళు పోసేవారు. కానీ మా ఇంటికి ఎప్పుడొచ్చినా తన బియ్యం, తన గిన్నెలు, తన పొయ్యి వేరు. మొదట్లో నాకు కోపం వచ్చేది. కోపం కొన్నాళ్ళకి పంతమైంది. ఎప్పటికైనా ఈవిడ నేను వండింది తినాలి. బంగారం మీద కూడా నాకు ఇంతకాలం నిలిచిన కోరిక లేదు.

మేం ఉండేది తెనాలిలో. మావారి ఆఫీసు రేపల్లెలో, నేను సైన్సు చెప్పే హైస్కూలు బాపట్లలో. పొద్దున స్టేషన్లో చెరో రైలెక్కి సాయంత్రం అదే స్టేషన్లో కలుసుకునే కాపురం మాది. అమ్మాయి గుంటూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది.

మావారికి ఒక అలవాటుంది. ప్రతి ఉగాదికీ, పచ్చడి చేదు నాలుక మీద ఉండగానే ఏదో ఒక వ్రతం పడతారు. శ్రీరామనవమికల్లా దానికి ఉద్వాసన చెబుతారు. పొద్దున్నే నడక, పంచదార మానడం, రోజుకో పేజీ డైరీ, అన్నీ ఆ తొమ్మిది రోజుల్లో పుట్టి పోయినవే. ఆ ఏడు మాత్రం ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాది దాకా మన ఇంట్లోంచి చెత్తబండికి ఒక్క ప్లాస్టిక్ కవరు కూడా వెళ్ళకూడదని ప్రకటించారు. నేను సరేనన్నాను. తొమ్మిది రోజులే కదా అనుకున్నాను.

నవమి వెళ్ళిపోయింది, వ్రతం వెళ్ళలేదు. అది పెట్రోలు దాకా పాకి, మోటార్ సైకిల్ అమ్మేసి సైకిల్ కొన్నారు. దాని వెనక నేను ఒకవైపుకి కాళ్ళు వేసి, ఒళ్ళో ఇద్దరి క్యారేజీలూ పెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళేదాన్ని. నలభై దాటిన మొగుడూ పెళ్ళాలు ఒకే సైకిల్ మీద వెళుతుంటే తెనాలి ఊరు చూడకుండా ఊరుకుంటుందా? వంతెన వచ్చినప్పుడు నేను దిగి నడిచేదాన్ని, ఆయన దిగి తోసేవారు. పక్కనుంచి వెళ్ళే ఆటో అతను ఒకసారి వేగం తగ్గించి, మీలో ఎవరు ఎవర్ని తీసుకెళ్తున్నారండీ అని మర్యాదగానే అడిగాడు.

ఆదివారం ఇడ్లీ కూడా కవర్లో కట్టించుకోకూడదన్నారు. స్టీలు క్యారేజీ పట్టుకుని హోటలుకి వెళ్ళడం మొదలుపెట్టారు. మా వైపు పొద్దున్నే మగవాడు క్యారేజీ పట్టుకుని రోడ్డు మీద కనిపిస్తే అర్థం ఒక్కటే, ఇంట్లో ఎవరో ఆస్పత్రిలో ఉన్నారని. మొదటి ఆదివారం ఇద్దరు ఆపి ఏ ఆస్పత్రండీ అని అడిగారట. మూడో ఆదివారానికి పక్కవీధి పిన్నిగారు నన్ను పరామర్శించడానికి బత్తాయిలు పట్టుకుని వచ్చారు. తలుపు తీసింది నేనే. నేను నిలబడి ఉండటం చూసి ఆవిడ కాస్త నిరాశపడ్డారు. బత్తాయిలు మాత్రం ఇచ్చి వెళ్ళారు, ప్లాస్టిక్ కవర్లో.

అత్తగారు ఉండేది మా బావగారి దగ్గర. జూన్‌లో ఆయనకి ఒడిశా బదిలీ అయింది. ఏడాదిలో తిరిగి వచ్చేస్తానన్నారు. భాష రాని ఊళ్ళో పాలవాడితో కూడా మాట్లాడలేను, నేను రానని అత్తగారు ఖచ్చితంగా చెప్పి, రెండు సంచులతో మా ఇంట్లో దిగారు. వెనక వరండాలో ఆవిడ పొయ్యి పెట్టించాం. మావారు ఎంతో ఉత్సాహంగా తన ఏడాది వ్రతం సరంజామా అంతా చూపించారు. షాపులో కొన్న కుంకుడుకాయ పొడి, షాపులో కొన్న బీరపీచు, షాపులో కొన్న గుడ్డ సంచి. అత్తగారు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కింద పెట్టేశారు. ఏమీ అనలేదు. అనకపోవడంలో ఆవిడకి గొప్ప నేర్పు ఉంది.

నాలుగో రోజు పొద్దున తులసికి నీళ్ళు పోద్దామని డాబా ఎక్కారు. అక్కడ మా ఎరువు డ్రమ్ము ఉంది. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, కంచాల్లో వదిలేసినవి అన్నీ అందులోనే వేసి, మీద ఎండుటాకులు కప్పి కుళ్ళబెడతాం. ఆ ఎరువే తులసితో సహా మొక్కలన్నిటికీ. ఆవిడ మూత తీసి చూశారు. కిందికి వచ్చి మళ్ళీ తలస్నానం చేశారు. జుట్టు ఆరబెట్టుకుంటూ నన్ను పిలిచి తీర్పు చెప్పారు.

చెత్తబండి వాళ్ళు తడి, పొడి అని రెండు రకాలు చేయమంటారు. మా అత్తగారు తడిని మళ్ళీ మూడు చేశారు. తొక్కలు, పూజచేసి తీసేసిన పూలు, ఇవి పచ్చివి. వండగా మిగిలిన అన్నం, పప్పు, ఇవి అంటు. కంచంలో నోరు తగిలి మిగిలినవి ఎంగిలి. పచ్చి డ్రమ్ము ఎరువు తులసికి, పూలమొక్కలకి, కూరపాదులకి. అంటు డ్రమ్ముది గోరింటాకు చెట్టుకి. ఎంగిలి డ్రమ్ముది క్రోటన్లకి. క్రోటన్లని మనుషులు తినరు, దేవుడికీ పెట్టరు కాబట్టి.

నేను సైన్సు టీచర్ని. ఊరుకోలేదు. కుళ్ళబెట్టే పురుగులకి పచ్చీ ఎంగిలీ తేడా తెలియదని, చివరికి అంతా ఒకటే మట్టి అవుతుందని, క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆవిడ ఓపికగా విన్నారు.

"పురుగుకి తెలియదు, ఒప్పుకుంటాను. నీకు తెలుసు కదమ్మాయ్," అన్నారు.

మరి బజారులో కొనే వంకాయలు ఏ ఎరువుతో పండాయో ఎవరికి తెలుసని అడిగాను. గెలిచాననే అనుకున్నాను.

"తెలియదు. తెలియనిదానికి దోషం లేదు. తెలిసి తింటేనే దోషం."

ఆ వారం మా నాన్న బియ్యం బస్తా దించడానికి వచ్చి మూడు డ్రమ్ముల సంగతి విన్నారు. నాన్నకి నవ్వాగలేదు.

"మా చేలో ఎరువు కోసం గొర్రెల మంద కట్టిస్తాం చెల్లెమ్మగారూ. అవి ఎక్కడెక్కడ ఏం మేసి వస్తాయో మేం అడగమండి," అన్నారు.

"నేను చెప్పేదీ అదే అన్నయ్యగారూ. అడక్కండి," అన్నారు అత్తగారు.

నాన్న వెళుతూ నాకు బీరవిత్తనాల పొట్లం ఇచ్చి, ఆవిడతో వాదన పెట్టుకోకని చెప్పి వెళ్ళారు. మావారు ఇంకో రెండు డ్రమ్ములు కొని, వరసగా పెట్టి, మూతల మీద తెల్ల రంగుతో పచ్చి, అంటు, ఎంగిలి అని రాశారు. ఆయన దస్తూరీ చక్కగా ఉంటుంది. రాసింది డ్రమ్ముల మీద కాదు, మూతల మీదని నేను అప్పుడు పట్టించుకోలేదు. పొద్దున నేను క్యారేజీలు సర్దుతుంటే ఆయన మూడు బకెట్లూ డాబా మీదికి తీసుకెళ్ళి ఆ మూతలు చూసుకుంటూ వేసేవారు.

బాపట్లలో మా స్కూల్లోనూ నేను ఎరువు గుంట తవ్వించాను. మధ్యాహ్న భోజనంలో పిల్లలు వదిలేసిందంతా అందులోకే. రెండు నెలలకి ఆ ఎరువు వేస్తే బొప్పాయి మొక్కలు ఏపుగా లేచాయి. చూడటానికి వచ్చిన పై అధికారి మెచ్చుకుని, ఇంట్లో కూడా ఇలాగే చేస్తారా మేడమ్ అని అడిగారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంట్లో మూడు బకెట్ల మధ్య తిరుగుతున్నానని ఆయనతో ఏం చెబుతాను? కొంచెం తేడాగా చేస్తామండి అని ఊరుకున్నాను.

నాన్న ఇచ్చిన బీరవిత్తనాల్లో మొదట పెట్టినవి వానలకి కుళ్ళిపోయాయి. వానలు పోయాక అత్తగారు మిగిలినవి పెట్టారు. రెండు మొక్కలు లేచాయి. తాడు కట్టి పందిరికి పాకించారు. నేను రైలు దిగి ఇంటికి వచ్చేసరికి ఆవిడ డాబా మీదే ఉండేవారు. కాళ్ళు కడుక్కోకుండానే నేనూ పైకి వెళ్ళేదాన్ని. బీరపువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. పూలు బోలెడు పూస్తున్నాయి, పిందెలు మాత్రం పచ్చబడి రాలిపోతున్నాయి. మా డాబాకి తేనెటీగలు రావడం లేదు. అప్పుడు నేను ఆవిడకి మగపువ్వేదో ఆడపువ్వేదో చూపించాను. మగపువ్వు తుంచి, దాని పుప్పొడి ఆడపువ్వుకి ఎలా అద్దాలో నేర్పించాను. ఆవిడ కాసేపు నమ్మలేదు. నమ్మాక మాత్రం రోజూ సాయంత్రం చీర చెంగు దోపుకుని, కళ్ళజోడు సర్దుకుని, పువ్వు వెంట పువ్వు తిరిగేవారు. మా వంశంలో ఇంతవరకూ మగవాళ్ళే పెళ్ళిళ్ళు చేయించారు, నీ ధర్మమా అని నేనూ మొదలెట్టానన్నారు ఒకరోజు. నేను నవ్వుతూ గోడకి జారగిలబడ్డాను. ఆవిడతో అంతలా నవ్వడం అదే మొదటిసారి.

పిందెలు నిలిచాయి. ఒక కాయ అన్నిటికంటే ముందు జానెడైంది. ఆవిడ రోజూ దాన్ని కొలిచేవారు.

మాఘమాసంలో భీష్మ ఏకాదశి వచ్చింది. ఆవిడ ఏకాదశికి పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టరు. మర్నాడు ద్వాదశి ఘడియలు దాటకుండా భోజనం చేసి ఉపవాసం విడవాలి. ఏకాదశి ముందురోజు సాయంత్రం పాదు దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా, ఆ కాయతోనే మాట్లాడుతున్నట్టు అన్నారు.

"ద్వాదశికి ఇది కోద్దాం. స్నానం చేసి మడి కట్టుకుని నువ్వే వండు. పాలు పోసి వండటం వచ్చా?"

వచ్చండి అన్నాను. మడి అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. తలస్నానం చేసి, ఎవరూ ముట్టుకోకుండా ఆరిన బట్ట కట్టుకుని, వంటయ్యేదాకా ఎవరినీ తాకకుండా ఉండాలి. ద్వాదశి రోజుకి స్కూలుకి సెలవు పెట్టాను. కారణం గడిలో ఏం రాయాలో తెలియక సొంత పని అని రాశాను. మావారు కూడా నాతో పాటు సెలవు పెట్టారు, ఎందుకో నాకు అర్థం కాలేదు.

ద్వాదశి పొద్దున స్నానం చేసి, పై కర్ర మీద ఆరేసిన చీరని కుర్చీ ఎక్కి, ఇంకో కర్రతో లాగి, అది తల మీద పడితే తడుముకుంటూ కట్టుకుని, కాయ కోయడానికి డాబా ఎక్కాను. అత్తగారు కింద పూజలో ఉన్నారు. కాయ కోశాను. కాయ కోసిన చేత్తో పాదు మొదట్లో ఎండిన ఆకు తీసేద్దామని వంగాను. అక్కడ వారం కిందట వేసిన ఎరువులో ఒక మునక్కాయ పిప్పి ఉంది. ఇంకా కాస్త కెలికి చూస్తే రెండు, మూడు.

మునక్కాయ అంత తొందరగా కుళ్ళదు. అలాగని నోట్లో పడి నలగకుండా పిప్పీ అవదు. అత్తగారు పళ్ళు సహకరించక మునక్కాయ మానేసి చాలా ఏళ్ళయింది. అంటే అవి నేను నమిలినవో, మావారు నమిలినవో.

కిందికి వచ్చాను. ఆయన వసారాలో గడ్డం గీసుకుంటున్నారు. నేను మడిలో ఉన్నాను కనుక దగ్గరికి వెళ్ళకూడదు. అత్తగారు వింటారు కనుక గట్టిగా అరవకూడదు. రెండు గజాల దూరంలో నిలబడి, గుసగుసగా మొగుడితో దెబ్బలాడటం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. ఆయన నా మొహం చూడగానే కత్తి కింద పెట్టేశారు. దసరాకి మూడు మూతలూ సబ్బుతో కడిగి ఆరబెట్టారట. తిరిగి పెట్టేటప్పుడు ఏ డ్రమ్ముది ఏదో గుర్తులేక, అందాజుగా పెట్టేశారట. ఎంగిలి డ్రమ్ము మీద పచ్చి మూత కూర్చుంది. దీపావళికి ఆయనకి అనుమానం వచ్చింది. అప్పటికే తులసికి రెండు దఫాలు ఆ ఎరువు పడిపోయింది. తేలు కుట్టిన దొంగలా ఇన్ని నెలలూ కిమ్మనకుండా ఉన్నారు. ఈరోజు కూర సంగతి తెలిసి, ఏమవుతుందోనని భయంతో సెలవు పెట్టారు.

నేనిప్పుడే మార్కెట్‌కి వెళ్ళి ఇంకో బీరకాయ తెస్తానన్నారు. ఆ కాయని ఆవిడ పువ్వుగా ఉన్నప్పటి నుంచి ఎరుగుదురు, వంద కాయల్లో కలిపినా పట్టుకుంటారన్నాను.

"అయితే చెప్పకు. తెలియనిదానికి దోషం లేదని అమ్మే అందిగా. ఆవిడకి తెలియదు. నువ్వు చెబితేనే దోషం వస్తుంది," అన్నారు.

తర్కానికి తర్కం సరిపోయింది. నిజం చెప్పాలంటే నాకు ఆ మాట నచ్చింది. వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని కాయ చెక్కు తీశాను, ముక్కలు కోశాను, పోపు వేశాను. లేత కాయ, తన నీళ్ళతోనే మగ్గింది. పాలు పోసి మంట తగ్గించి నిలబడ్డాను. పంతొమ్మిదేళ్ళు అడగకుండా ఎదురుచూసింది ఇంకో పావుగంటలో జరగబోతోంది. నేను చేయవలసింది నోరు మెదపకుండా ఉండటమే. ఆవిడ తింటారు, బాగుందంటారు, రేపటి నుంచి కలిసి కూర్చుంటాం. ఆ తర్వాత ఆవిడ నన్ను నమ్మి ఏం తిన్నా నాకు ఈ పిప్పే గుర్తొస్తుంది. నాకు ఏడుపొచ్చింది. మావారి మీద, మూతల మీద, మునక్కాయ మీద, అన్నిటి మీదా కోపమొచ్చింది.

ఆవిడ తులసి తీర్థం పుచ్చుకుని వచ్చి అరిటాకు ముందు కూర్చున్నారు. అన్నం, కూర వడ్డించాను. నెయ్యి వేశాను. మావారు గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తున్నారు. నిన్న పొద్దుటి నుంచి ఏమీ తినని మనిషి, ఆకు మీదికి చెయ్యి చాపారు.

"అత్తయ్యా, ఒక్క మాట," అన్నాను.

ఆగితే చెప్పలేనని తెలిసి ఆగకుండా చెప్పేశాను. మూతలు మారడం, మునక్కాయ పిప్పి, బీరపాదు, తులసి, అన్నీ. మావారు కళ్ళు మూసుకున్నారు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నాకెందుకు చెప్పావు? తెలియకుండా తినేసేదాన్ని కదా."

"నాకు తెలుసు కదండీ."

ఆవిడ లేచారు. డాబా మెట్లెక్కారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. కూర మీద మీగడ కట్టింది. ద్వాదశి ఘడియలు ఇంకెంతసేపున్నాయో నాకు తెలియదు, అడిగే ధైర్యం లేదు. ఇప్పుడు మళ్ళీ స్నానం చేసి, తన పొయ్యి వెలిగించుకుని ఆవిడ వండుకునేసరికి ఏ వేళవుతుందోనని భయమేసింది. చెప్పకుండా ఉండవలసిందని కూడా ఒక క్షణం అనిపించింది.

చాలాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆవిడ కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, వచ్చి అదే ఆకు ముందు కూర్చున్నారు.

"వాడి ఎంగిలి వాడి చిన్నప్పుడు రోజూ తిన్నాను. కొరికి పారేసిన జామకాయలు, తాగి వదిలేసిన పాలు. నాకప్పుడు దోషం గుర్తు రాలేదు," అన్నారు, గుమ్మం వైపు చూసి. తర్వాత నా వైపు తిరిగారు. "దసరా నుంచి తులసి తీర్థంలో నీ ఎంగిలీ తీసుకుంటున్నానన్నమాట. ఇంక మిగిలిందేముంది? అన్నం చల్లారిపోయింది, వేడిది పెట్టు."

పెట్టాను. తొందరలో కూర కాస్త ఆకు అంచు దాటి పడింది. ఆవిడ అది చూడనట్టు అన్నం కలుపుకుని మొదటి ముద్ద తిన్నారు. రెండోది తిన్నారు. మూడోది కలుపుతూ, ఉప్పు ఒక పలుకు తక్కువైందమ్మాయ్ అన్నారు.

కోడళ్ళందరికీ కాపురానికి వచ్చిన వారంలోనే దొరికే వంక అది. నాకు పంతొమ్మిదేళ్ళకి దొరికింది. ఉప్పు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, కాసేపు బయటికి రాలేకపోయాను.